కొండమీద పెరిగిన గుర్రాన్ని తెచ్చుకున్నా, మూడు వారాలైనా దగ్గరికి రానివ్వడం లేదు

బీడుభూమి · జూలై 3, రాత్రి 9.20

మాది ఉరవకొండ పక్కన పల్లె. విషయం కాస్త పొడుగు, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. మా ఊరి కొండకింద ఆరేడేళ్లుగా గుర్రాలు తిరుగుతుండేవి. పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాళ్లెవరో, ముసలివైపోయాయని రెండింటిని వదిలేసి పోయారంట, అవి ఆ కంపచెట్లలోనే బతికి అక్కడే ఈనాయి. అక్కడ పుట్టినదానికి మనిషి చెయ్యి అంటే ఏమిటో తెలియదు. చెనిక్కాయ మొలక పైకొచ్చిందంటే చాలు రాత్రికి రాత్రి దిగి మేసిపోయేవి. అందుకని ఈసారి విత్తనం వేసేముందే రైతులంతా కలిసి తరిమి, బందెల దొడ్డిలోకి తోలారు. ముసలివి రెండూ మెత్తగా ఉన్నాయి, వాటిని ఎవరో తీసుకుపోయారు. మిగిలింది ఈ ఆడగుర్రం. నాలుగేళ్లు ఉంటాయేమో, ఎర్రది, నుదుట నామంలా తెల్లటి గీత. పది రోజులైనా నాదని ఎవరూ రాలేదు. లారీకి ఎక్కించి అమ్మేద్దామని మాట వచ్చేసరికి నేను పంచాయతీలో కాగితం రాసిచ్చి తెచ్చుకున్నా.

ఎందుకు తెచ్చావంటే చెప్పలేను. మా నాయన అడిగాడు, పాలిస్తదా, దుక్కి దున్నుతదా అని. రెండూ చేయదు నాయనా అన్నా. ఆయన మళ్లీ మాట్లాడలేదు, ఇప్పటికీ.

ఇంటి వెనక దొడ్డికి కడప బండలు నాటిన కంచె ఉంది, నాలుగడుగులు. పైన సరుగుడు బొంగులు కట్టి ఎత్తు పెంచా. బకెట్ తీసుకుని లోపలికి పోతే చాలు, అటు మూలకు పోయి చెవులు వెనక్కి వేసి, వెనక భాగం నావైపు తిప్పి నిలబడుతుంది. నేను బయటికొస్తేనే మేస్తుంది. ఎంతసేపు నిలబడినా అంతే. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

మోటుమాట · జూలై 3, రాత్రి 10.05

అబ్బోడా, రెండు రోజులు మేతా నీళ్లూ ఆపేయ్. మూడో రోజు బకెట్ చేతిలో పట్టుకుని నిలబడు, అదే వస్తుంది. అప్పటికీ రాకపోతే పత్తికొండ దిక్కు మా కాలంలో చేసినట్టు కాళ్లకు మోకు వేసి పడదోసి, కదలకుండా పట్టుకుని మీద గోనెసంచులతో కొట్టాలి. మాయిటాలకు లొంగిపోతుంది. ఇన్ని వారాలు ఎవరు చూస్తారు?

పశువులడాక్టరమ్మ · జూలై 4, ఉదయం 6.10

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది రాసి ఎవరి గుర్రాన్నీ చంపించకండి. గుర్రం పొట్ట చిన్నది, పేగు పెద్దది, ఆ పేగులో రోజంతా కొంచెం కొంచెం కసువు కదులుతూనే ఉండాలి. నీళ్లు ఆపితే మేత గట్టిపడి అడ్డం పడుతుంది. ఆవుకైతే నెమరు ఉంది, గుర్రానికి వాంతి కూడా రాదు. ఆ కడుపునొప్పికి మన దిక్కున రాత్రిపూట ఎవరు దొరుకుతారు?

తమ్ముడూ, మాలిమి సంగతి తర్వాత, ముందు నాలుగు ప్రశ్నలు. ధనుర్వాతం టీకా వేశారా? గుర్రాలకు అది ఎంత తొందరగా వస్తుందంటే చిన్న ముల్లు చాలు. రక్తం తీశారా? గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికి అంటుకుంటుంది, శాంపిల్ హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పోవాలి. రెండోది సర్రా, జోరీగల వల్ల వస్తుంది, జ్వరం వస్తూ పోతూ గుర్రం ఎండిపోతుంది. పేడలో పురుగులు కనపడుతున్నాయా? మేత ఏం పెడుతున్నావు?

బీడుభూమి · జూలై 4, మధ్యాహ్నం 1.30

దొడ్డిలో ఉన్నప్పుడే మా డాక్టర్ బొంగుల మధ్య ఇరికించి టీటీ వేశాడు అక్కా, రక్తం కూడా తీశాడు, జబ్బులేమీ లేవని వచ్చింది. కడుపులో పురుగులు పోవడానికి మందు దాణాలో కలిపిచ్చాడు. మేత చెనిక్కాయ కట్టె, కొంచెం వరిగడ్డి. జొన్న పచ్చిమేత ఉంది, పెట్టొచ్చా?

పశువులడాక్టరమ్మ · జూలై 4, మధ్యాహ్నం 2.15

పచ్చిజొన్న వద్దు. లేత జొన్నలో విషం ఉంటుందని ఎద్దులు కాసేవాళ్లకు తెలుసు, గుర్రానికి ఇంకో చిక్కు కూడా ఉంది, జొన్న పైరు మేపుతూ పోతే మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్లు తూలతాయి. చెనిక్కాయ కట్టె మంచిదే కానీ వామిలో తడిసి బూజు పట్టినది ఒక్క పిడికెడు కూడా వేయకు. కంచె దగ్గర ఆముదం చెట్లు, గన్నేరు ఉంటే పీకెయ్. కోళ్ల దాణా అసలే వద్దు, కోళ్లకు రోగం రాకుండా అందులో కలిపే మందు ఒకటి గుర్రం గుండెను ఆపేస్తుంది. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది 250 కిలోలు ఉంటుంది, రోజుకు ఐదారు కిలోల ఎండుమేత కావాలి, ఒకేసారి కాదు, నాలుగైదు సార్లు. బక్కచిక్కి ఉంది కదా అని ఉలవలు దండిగా పోయకు, మెల్లగా పెంచు.

ఇంకోటి, టీటీ రెండో డోసు నాలుగు నుంచి ఆరు వారాల్లో పడాలి. అంటే నీకు ఈ నెలాఖరు దాకా టైం.

చెనిక్కాయలచెట్టు · జూలై 4, సాయంత్రం 5.00

అన్నా, నా పేరు పెట్టుకుని నన్నే మేపుతున్నారా గుర్రానికి.

రీనో_ప్రొద్దుటూరోడు · జూలై 5, ఉదయం 11.45

నేను ప్రొద్దుటూరు, ఇప్పుడు అమెరికాలో నెవాడా రాష్ట్రంలో ఉంటున్నా. ఇక్కడ పడమటి రాష్ట్రాలన్నింటి ఎడారి కొండల్లో ఇట్లా స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు, గాడిదలు కలిపి 70 వేలకు పైనే ఉన్నాయి. ఆ గుర్రాలను ముస్తాంగ్ అంటారు. పుట్టుకతో అడవి జంతువులు కావు, ఎప్పుడో స్పెయిన్ వాళ్లు తెచ్చినవి, తర్వాత రైతులు, సైన్యం వదిలేసినవి, వాటి సంతానం. నీ గుర్రం కథే, కాకపోతే కొన్ని వందల ఏళ్లు ఎక్కువ. 1971లో వీటికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. మేతకు మించి పెరిగిపోతే ప్రభుత్వమే పట్టి, మెడకు ఎడమవైపు చల్లటి ఇనుముతో తెల్లటి గుర్తు వేసి, జనాలకు దత్తతకు ఇస్తుంది. తీసుకునేవాళ్లకు షరతులు ఉంటాయి. చెయ్యి తగలని పెద్ద గుర్రానికి కంచె ఆరడుగులు ఉండాలి, కనీసం 400 చదరపు అడుగుల దొడ్డి ఉండాలి, ఏడాది బాగా చూసుకుంటేనే సొంతదని కాగితం ఇస్తారు. నీ బొంగులు గట్టివేనా? ముళ్లతీగ మాత్రం ఎక్కడా ఉండనీయకు.

ఇక్కడి కార్సన్ సిటీ జైల్లో ఖైదీలే వీటిని మాలిమి చేసేవాళ్లు, సుమారు నాలుగు నెలలు పట్టేది, తర్వాత వేలం వేసేవాళ్లు. నేను ఒకసారి చూడ్డానికి పోయా. చేతుల నిండా పచ్చబొట్లు ఉన్న ఒకాయన తను దిద్దిన గుర్రాన్ని వేరేవాళ్లు తీసుకుపోతుంటే కంచెకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. దీన్ని ఎట్ల మచ్చిక చేశావని అడిగా. మొదటి వారం దాన్నుంచి దూరంగా నడవడమే నా పని అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

అర్థమైంది తర్వాత. నువ్వు దగ్గరికి పోతున్నావు, అది బిగుసుకుంటుంది, నువ్వు ఇంకా పోతావు, అది పారిపోతుంది, అప్పుడు నువ్వు ఆగుతావు. అంటే పారిపోతే ఈ మనిషి ఆగుతాడని నువ్వే దానికి నేర్పిస్తున్నావు. అది పారిపోకముందే నువ్వు వెనక్కి తిరగాలి. చెవి నీవైపు తిప్పిందా, తల కొంచెం దించిందా, ఒక కాలు సడలించిందా, ఆ క్షణంలో నువ్వే వెనక్కి వచ్చెయ్. బకెట్ ఆశ చూపి నిలబడ్డం కూడా ఒత్తిడే.

జట్కావారి_మనవడు · జూలై 5, రాత్రి 8.30

మాది ఆదోని. మా జేజినాయన స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు, ఆటోలు వచ్చాక మానేశాడు, గుర్రాన్ని మాత్రం అది పోయేదాకా అమ్మలేదు. ఆయన చెప్పినవి రెండు. గుర్రానికి ఎదురుగా పోవద్దు, దాని ముక్కు ముందు ఏముందో దానికి కనపడదు, తోక వెనకా కనపడదు, మిగతా చుట్టూ అంతా చూస్తుంది. భుజం వైపు నుంచి, వంకరగా, ఎక్కడికో పోతున్నట్టు పోవాలి. రెండోది, దానివైపు కళ్లు పెట్టి చూడొద్దు, పిల్లి ఎలుకను చూసినట్టు ఉంటుందంట దానికి. ఆయన గుర్రం దగ్గరికి పోయేటప్పుడు ఎప్పుడూ బీడీ వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటూ పోయేవాడు. మేమంతా నవ్వేవాళ్లం.

మోటుమాట గారూ, మీరు చెప్పిన పద్ధతి ఆయనకూ తెలుసు. అట్ల దిద్దిన గుర్రం ఒకటి బజారులో కళ్లెం తెగిన రోజు ఒకణ్ణి తొక్కింది. లొంగింది కానీ మాలిమి కాలేదు అనేవాడు.

మోటుమాట · జూలై 5, రాత్రి 9.10

నేను చూసినవి చెప్పా. మీ ఇష్టం.

బీడుభూమి · జూలై 19, రాత్రి 9.50

రెండు వారాలు ఎక్కువ రాయలేదు, ఎందుకంటే రాయడానికి ఏమీ జరగలేదు అనిపించింది. ఇప్పుడు చూస్తే జరిగింది.

ఒక పెయింట్ డబ్బా దొడ్డి మధ్యలో బోర్లించి, దానిమీద గుర్రానికి వీపు పెట్టి కూర్చుంటున్నా. పొద్దున అరగంట, మాయిటాల గంట. ఊరికే కూర్చోలేక పేపర్ పైకి చదువుతున్నా, ధరలూ, రాజకీయాలూ, చివరికి టెండర్ నోటీసులు కూడా. మా అమ్మ కిటికీలోంచి చూసి, నీకు పిచ్చి పట్టిందని ఊరంతా అంటున్నారు, ఇంట్లోకి వచ్చి చదువుకో అంది. మొదట్లో అది ఆ మూలే. నాలుగో రోజు నేను ఉండగానే మేసింది. తొమ్మిదో రోజు నా వెనక అడుగుల చప్పుడు, ఆగింది, మళ్లీ ఒక అడుగు. నేను తిరగలేదు, చదవడం ఆపలేదు, గొంతు మాత్రం ఎండిపోయింది. భుజం మీద టవల్ కొస కదిలినట్టైంది. గాలి అనుకున్నా. వేడి ఊపిరి మెడకు తగిలింది, ఉలవల వాసన. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్కసారి బుస్సుమంది, నేను ఉలిక్కిపడ్డా, అది అవతలి కంచె దాకా దౌడు తీసింది. ఇద్దరం భయపడ్డాం సమానంగా.

తర్వాత రీనో అన్న చెప్పినట్టు నేనే లేచి బయటికి పోయా.

రీనో_ప్రొద్దుటూరోడు · జూలై 20, ఉదయం 9.00

సూపర్. లేచి బయటికి పోయావు చూడు, అదే అసలు పని. ఇప్పుడు పొడుగాటి వెదురు బొంగు తీసుకుని చివర మెత్తటి గుడ్డ చుట్టు. నీ చెయ్యి అంత దూరం పోలేదు, బొంగు పోతుంది, తన్నితే బొంగుకే తగులుతుంది. ముందు బొంగును నేల మీద పెట్టి వాసన చూడనీ. తర్వాత భుజానికి ఒక్క క్షణం తాకించి తీసెయ్. కదలకుండా నిలబడితే తీసెయ్, కదిలితే అట్లే మెత్తగా ఉంచు, ఆగగానే తీసెయ్. నోరు నములుతూ నాలుక తిప్పితే ఒప్పుకుందని గుర్తు.

పశువులడాక్టరమ్మ · జూలై 20, ఉదయం 10.20

నములుతే ఒప్పుకుందని అనుకోవద్దు. బిగుసుకున్నప్పుడు నోరు ఎండుతుంది, సడలినప్పుడు తడుస్తుంది, అందుకే నాలుక తిప్పుతుంది. కాసేపటి క్రితం భయపడిందని కూడా దాని అర్థమే. దాన్ని చూసి ముందుకు దూకకండి.

తాకాల్సింది మూపు దగ్గర, మెడ కింద జూలు అయిపోయే చోట. గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునేది అక్కడే. ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద 1993లో చూశారు, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుంది, వేరే చోట గోకితే తగ్గలేదు. ముఖం తడమడం మనకు ఇష్టం, దానికి కాదు.

తమ్ముడూ, టీటీ తేదీ గుర్తుందా? పది రోజులే ఉంది.

బీడుభూమి · జూలై 31, రాత్రి 11.15

తప్పు చేశా. తిట్టేవాళ్లు తిట్టండి.

బొంగు బాగా నడిచింది. 26న మొదటిసారి చెయ్యి మూపు మీద పెట్టా. జూలు కింద దుమ్ము, పిడుదులు, చర్మం ఒకటే వణుకు, ఈగ వాలినట్టు. గోరుతో గోకా, గోకుతుంటే దాని పై పెదవి ముందుకు సాగి, వంకర తిరిగి, గాలిలో ఏదో వెతుకుతున్నట్టు కదిలింది. నేను నవ్వాపుకోలేకపోయా. నాలుగు రోజులు అట్లే. దాంతో నాకు పొగరొచ్చింది. సూదికి టైం అయిపోతుందని టెన్షన్ వేరే. ఈరోజు డాక్టర్ వస్తానన్నాడు కదా అని, మూపు గోకుతూ మెల్లగా మెడ మీదుగా తాడు వేసి, ముడి వేసి, రెండో కొస చేతికి రెండు చుట్లు చుట్టుకున్నా. చుట్టుకోకూడదని ఎద్దులు తోలిన ప్రతివాడికీ తెలుసు. తాడు బిగిసిన క్షణం అది గాలిలోకి లేచింది. నన్ను దొడ్డి సగం ఈడ్చింది. అరచేతి తోలు పోయింది, మోచెయ్యి చీరుకుంది. డాక్టర్ సూది దానికి వేయాల్సింది నాకు వేశాడు.

తాడు ఇంకా దాని మెడకే ఉంది. అది ఆ మూలే నిలబడింది. పేపర్ చదివితే చెవి కూడా తిప్పడం లేదు.

మోటుమాట · ఆగస్టు 1, ఉదయం 5.40

చెయ్యి ఎట్లుంది? ఆముదం రాయొద్దు, ఆస్పత్రి మందే వాడు. తాడు వేలాడుతుంటే కాలు చిక్కుకుంటుంది, రాత్రిళ్లు చూసుకో.

పశువులడాక్టరమ్మ · ఆగస్టు 1, ఉదయం 7.00

ఇందులో నా తప్పూ ఉంది. తేదీ తేదీ అని నేనే వెంటపడ్డా. రెండో డోసు రెండు మూడు వారాలు ఆలస్యమైతే కొంప మునగదు, ఆ మాట అప్పుడే చెప్పాల్సింది.

ఇప్పుడు తాడు వెయ్యడం మర్చిపో. కంచె పక్కన, దొడ్డిలోపలే, బొంగులతో ఒక సందు కట్టు. రెండున్నర అడుగుల వెడల్పు, రెండువైపులా తెరిచే ఉండాలి. మేత ఆ సందు అవతల పెట్టు. రోజూ అది తనంతట తాను దాని గుండా పోయి రావాలి, వారమైనా పదిహేను రోజులైనా. అలవాటయ్యాక అవతలి వైపు ఒక బొంగు అడ్డం, ఒక్క నిమిషం, తీసెయ్. డాక్టర్ బయట నుంచి బొంగుల సందులోంచి వేస్తాడు.

కొత్తసభ్యురాలు_ధర్మవరం · ఆగస్టు 1, రాత్రి 9.30

నేను గుర్రం దగ్గరికి కూడా పోలేదు ఎప్పుడూ, మగ్గం మీద కూర్చుని ఈ చర్చ మొత్తం చదివా. ఒక సందేహం. కొండమీద అది బాగానే ఉంది కదా, ఎందుకు తేవడం? వదిలేస్తే పోదా?

బీడుభూమి · ఆగస్టు 1, రాత్రి 10.10

అమ్మా, ఆ ప్రశ్న నేనూ రోజూ వేసుకుంటున్నా. కొండంతా ఇప్పుడు పొలాలే. పోయిన ఏడు వీటిలో ఒకటి పందుల కోసం పెట్టిన కరెంటు తీగకు తగిలి పోయింది. అస్సాంలో డిబ్రూ సైఖోవా అని ఉంది, నది లంకల్లో గుర్రాలు ఇట్లే తిరుగుతాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటివి అంటారు, అక్కడ వాటికి చోటుంది. మా కొండకు లేదు. అయినా తెచ్చింది దానికోసమా నాకోసమా అంటే పూర్తిగా చెప్పలేను.

బీడుభూమి · ఆగస్టు 24, రాత్రి 8.40

సూది పడింది! సందు కట్టాక మొదటి ఐదు రోజులు మేత వైపు కూడా చూడలేదు, ఇవతల ఉన్న గడ్డిపోచలు ఏరుకుంది. ఆరో రోజు తల పెట్టింది, పన్నెండో రోజు మొత్తం దూరింది. ఈరోజు డాక్టర్ సూది గుచ్చితే ఒక్కసారి తల ఎగరేసింది, అంతే, మళ్లీ ఉలవల బకెట్‌లో మూతి పెట్టింది. ఆ ఊపులోనే మెడ తాడు కోసేశా. ఇరవై నాలుగు రోజులు ఆ తాడు చూస్తే నా మీద నాకే కోపం వచ్చేది.

నన్ను మాత్రం పద్దెనిమిది రోజులు ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు మళ్లీ మూపు దాకా వచ్చాం.

చెనిక్కాయలచెట్టు · ఆగస్టు 24, రాత్రి 9.00

పేరు ఏం పెట్టావన్నా? ఇన్ని రోజుల నుంచి అది ఇది అంటున్నావు.

బీడుభూమి · ఆగస్టు 24, రాత్రి 9.20

నేను నాలుగు పేర్లు అనుకున్నా, ఏదీ పట్టించుకోలేదు. మా అమ్మ కడుగునీళ్లు పారబోయడానికి వచ్చినప్పుడల్లా "ఒసే" అంటుంది. దానికి చెవి తిప్పుతుంది. కాబట్టి దాని పేరు ఒసే.

బీడుభూమి · సెప్టెంబర్ 19, ఉదయం 6.30

చవితి నిమజ్జనం మా వీధిలోంచే పోయింది. ట్రాక్టర్ మీద బాక్సులు, టపాసులు. డాక్టరమ్మ ముందే చెప్పారు, దొడ్డిలో లైటు వేసి ఉంచు, మేత నాలుగు చోట్ల పెట్టు, నువ్వు కనపడుతూ ఉండు, పట్టుకోవాలని చూడకు అని. అట్లే చేశా. అది రాత్రి ఒంటిగంట దాకా దొడ్డి చుట్టూ తిరుగుతూనే ఉంది, ఒళ్లంతా చెమట, ఒక బొంగు విరిగింది. నేను డబ్బా మీద కూర్చునే ఉన్నా. ఇది జూలైలో జరిగుంటే కంచె దాటి పోయేది.

అసలు చెప్పాల్సింది ఇది కాదు. చప్పుడంతా అణిగాక నాకు కునుకు పట్టింది, డబ్బా మీదే, కంచెకు ఆనుకుని. మెలకువ వచ్చేసరికి తెల్లవారుజాము. పది అడుగుల దూరంలో అది పడుకుని ఉంది. నిలబడి కునికిపాట్లు పడడం కాదు, పూర్తిగా ఒక పక్కకు, కాళ్లు చాచి, మెడ నేలకు వేసి. చచ్చిపోయిందనుకుని గుండె ఆగినంత పనైంది. అంతలో పక్కటెముకలు పైకి లేచాయి, దిగాయి. ముందు కాలు డెక్క ఒకటి కొంచెం కొంచెం కదులుతోంది, కలలో నడుస్తున్నట్టు. మూడు నెలల్లో అది పడుకోవడం నేను చూడలేదు ఒక్కసారి కూడా.

పశువులడాక్టరమ్మ · సెప్టెంబర్ 19, ఉదయం 7.15

గుర్రం నిలబడి కునుకు తీయగలదు కానీ కలలొచ్చే నిద్రకు పడుకోవాల్సిందే. చుట్టూ భయం ఉందంటే పడుకోదు. అది నీ ముందు పడుకుంది తమ్ముడూ.

జట్కావారి_మనవడు · సెప్టెంబర్ 19, ఉదయం 8.00

ఇది మా నాయనకు చదివి వినిపించా. జేజినాయన గుర్రం కూడా ఆయన మంచం పక్కనే పడుకునేదంట, ఆయన ఊరికి పోతే రాత్రంతా నిలబడే ఉండేదంట. నాకు ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

బీడుభూమి · అక్టోబర్ 12, రాత్రి 9.00

కొత్త తలనొప్పి. తలకు పగ్గం వేయనిస్తుంది ఇప్పుడు, నోట్లో ఇనుము లేని నూలు పగ్గం. దాన్ని వారం రోజులు చేతికి తగిలించుకుని తిరిగా, వాసన చూసీ చూసీ తనే మూతి దూర్చింది. పగ్గం పట్టుకుని వేపచెట్టు దాకా పోయి వస్తున్నాం. దారిలో ప్లాస్టిక్ కవర్ కనపడిందంటే పావుగంట అక్కడే.

తలనొప్పి డెక్కలతో. కొండమీద రాళ్లకు అరిగేవి, ఇక్కడ మెత్తటి నేల, పెరిగి అంచులు చీలుతున్నాయి. ఎద్దులకు నాడాలు కొట్టే ఆయన్ను పిలిచా. ఆయన రాగానే సంచిలోంచి మోకు తీసి, పడదోద్దాం పట్టు అన్నాడు. ఎద్దును అట్లే పడదోస్తారు, ఆయన తప్పు కాదు. గుర్రాన్ని నిలబెట్టే చేయాలి అన్నా. నిలబడిన గుర్రం కాలు నేను పట్టను, నాకు పెళ్లాం పిల్లలున్నారు అని చాయ్ తాగి పోయాడు.

మోటుమాట · అక్టోబర్ 12, రాత్రి 9.45

అబ్బోడా, కాలు ఎత్తడం నేను చెప్తా, ఇది నాకు తెలుసు. భుజానికి ఆనుకుని, దాని తోక వైపు ముఖం పెట్టి నిలబడు. చెయ్యి భుజం నుంచి కిందికి మెల్లగా జార్చుకుంటూ పో, మోకాలి దాకా, తియ్. మళ్లీ. వారం తర్వాత మడమ దాకా. కాలు బరువు తీసి ఇచ్చినప్పుడు ఒక్క లెక్క పట్టుకుని నువ్వే కింద పెట్టు, అది గుంజుకోకముందే పెట్టాలి. వెనక కాళ్లకు చెయ్యి కాదు, నీ వెదురు బొంగు గుడ్డతో మొదలుపెట్టు. నేను చాలా కాళ్లు విరగ్గొట్టుకుని నేర్చుకున్నా ఇది.

రీనో_ప్రొద్దుటూరోడు · అక్టోబర్ 13, ఉదయం 10.30

పెద్దాయనా, "అది గుంజుకోకముందే నువ్వే వదిలెయ్". మూడు నెలల కింద నేను చెప్తే మీరు ఒప్పుకోలేదు కదా!

మోటుమాట · అక్టోబర్ 13, ఉదయం 11.00

కాలు వేరు, గుర్రం వేరు.

పశువులడాక్టరమ్మ · అక్టోబర్ 13, మధ్యాహ్నం 12.10

ఆకురాయితో నువ్వే అంచులు రాయి, పెద్దది దొరుకుతుంది ఇనుప అంగడిలో. అరికాలి మధ్య ముక్కోణం మెత్తటి భాగం కోయకు. రోజుకు ఒక్క డెక్కే, అది చాలంటే ఆపెయ్. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చేస్తుంటే చీలికలు తగ్గుతాయి.

బీడుభూమి · నవంబర్ 9, సాయంత్రం 6.50

ముందు కాళ్లు రెండూ అయిపోయాయి. ఆకురాయి చప్పుడుకు మొదట భయపడింది, అందుకని నాలుగు రోజులు దాని పక్కన కూర్చుని ఊరికే రాయికి రాయి రుద్దా. కుడి వెనక కాలు ఈరోజు అయింది. కాలు నా తొడ మీద పెట్టుకుని రాస్తుంటే పొడి అంతా లుంగీ మీద పడింది, కాలిన కొమ్ము వాసన లాంటిది. మధ్యలో అది తల తిప్పి నా చొక్కా కాలర్ పట్టుకుని మెల్లగా నమిలింది. కొరుకుతుందేమో అని ఊపిరి బిగపట్టా, కొరకలేదు, గుండీ మాత్రం ఊడింది.

మా నాయన కంచె బయట నిలబడి చూస్తున్నాడు. ఐదు నెలల తర్వాత మొదటిసారి గుర్రం గురించి మాట్లాడాడు. ఆ బకెట్ ఇట్ల పెట్టు, కాలికి తగులుతాది అన్నాడు.

ఎడమ వెనక కాలు ఇంకా ఇవ్వలేదు. మోకాలి దాకా చెయ్యి పోగానే తోక కొడుతుంది. రేపు మళ్లీ బొంగు గుడ్డతో మొదలుపెడతా.